సీడీ మీద గులాబీలు

మొన్న గాజువాక వెళ్ళినప్పుడు బీరువాలో మా అక్క పెళ్ళి (2002) సీడీలు దొరికాయి. మూడు. మూడింటి మీదా వధూవరుల ఫొటో, గులాబీలు, స్టూడియో ఫోన్ నంబరు. తేదీ లేదు, ఎన్నో డిస్కో లేదు! జీలకర్ర-బెల్లం ఎందులో ఉందో వెతుక్కోవాల్సిందే.

అసలు మూడెందుకంటే, 1993 నాటి వైట్‌బుక్ ప్రమాణం ప్రకారం వీడియో సీడీలో పట్టేది దాదాపు 74 నిమిషాలే. మన పెళ్ళికి అదేం సరిపోతుంది? 1996లో జపాన్‌లో మొదలైన డీవీడీ ఇక్కడ చవకయ్యాక 4.7 జీబీలో పెళ్ళంతా పట్టింది. స్టిక్కర్లు మాత్రం పోలేదు.

చాలామందికి తెలియని సంగతి: సీడీలో డేటా ఉండేది లేబుల్ వైపే, పల్చటి పూత కింద. బాల్‌పెన్‌తో నొక్కి రాసినా దెబ్బే. డీవీడీలో అది రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య భద్రం, కానీ కాగితం స్టిక్కరు పక్కకి జరిగితే తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది. స్టిక్కర్లు వద్దు, నీటి ఇంకు మార్కర్ వాడమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లోనే చెప్పింది. 2004లో హెచ్‌పీ లైట్‌స్క్రైబ్‌తో లేజరే బొమ్మ గీసే ఏర్పాటు తెచ్చింది. అదీ కాలగర్భంలో కలిసింది.

ఒక సీడీ స్టిక్కరు అంచు లేచిందని నేనే పీకాను. వెండి పొర కూడా ఊడొచ్చింది. నాన్నమ్మ అక్షింతలు వేసే ముక్క మిగతా రెంట్లో లేదు.

కోడ్‌లో కామెంట్లు రాయమని జూనియర్లకి క్లాసు పీకే మనం, ఇంట్లో డిస్కు మీద పేరు, తేదీ, "1/3" అని రాసుకోం. మీ బీరువా కూడా ఓసారి తెరవండి. స్టిక్కరు మాత్రం పీకకండి, ముందు కాపీ తీసుకోండి.