తెల్లవాడెవడు? – అమెరికాలో జాతినామముల చరిత్ర



పుట్టుకను బట్టి మనుజుని మర్యాదను నిర్ణయించుట మన దేశమునకే చెల్లినదని తలచువారు కలరు. అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రను చూచినచో ఆ తలంపు నిలువదు. బ్రిటిషు పరిపాలనా కాలమున జనాభా లెక్కలలో తమ కులనామమును మార్పించుకొనుటకై మన దేశమున ననేక కులసంఘములు విజ్ఞప్తుల నంపుకొనెను. అట్టి సంఘముల వారసులమగు మనకు అచ్చటి కథ మిక్కిలి బోధకరము.

పౌరసత్వమును గోరు విదేశీయుడు స్వతంత్రుడగు "తెల్లవాడు" కావలెనని 1790 సంవత్సరపు శాసనము విధించెను. బానిసత్వము రద్దైన పిమ్మట 1870లో ఆఫ్రికా సంతతివారికిని ఆ హక్కు లభించెను. అయినను తెల్లవాడనగా నెవడో శాసనము చెప్పలేదు. జనాభా గణకులు ముఖము చూచి వ్రాసికొనుచుండిరి. 1890లోనైతే నల్లజాతి రక్తము సగమా, పాతికా, ఎనిమిదవ వంతా యని విభజించి వేర్వేరు పేర్లు పెట్టిరి. 1920, 1930, 1940 లెక్కలలో "హిందూ" అనునదియు నొక జాతిగా నెక్కెను. సిక్కుగాని మహమ్మదీయుడుగాని, భారతదేశమునుండి వచ్చినవాడు సామాన్యజనుల నోట హిందువే.

పంజాబునుండి 1913లో అచ్చటికేగిన భగత్ సింగ్ థిండ్ అను సిక్కు యువకుడు మొదటి ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యమున కొలువు చేసెను. 1920లో ఆరెగాన్ రాష్ట్రమందలి న్యాయస్థాన మతనికి పౌరసత్వ మొసగగా ప్రభుత్వ మభ్యంతరపెట్టెను. వ్యాజ్యెము అత్యున్నత న్యాయస్థానమునకు పోయెను. అతడు ఉన్నత కులజుడనియు, ఆర్యుడనియు, జాతిశాస్త్రజ్ఞులు ఉత్తర హిందూస్థానీయులను "కకేషియను" శాఖలో జేర్చిరనియు అతని పక్షమువారు వాదించిరి. తెల్లవాడనగా కకేషియనే యని 1922 నవంబరులో ఒజావా అను జపానీయుని వ్యాజ్యెమున ఆ న్యాయస్థానమే చెప్పియుండెను. వారింతటితో నాగలేదు. అమెరికా తెల్లవాడు నల్లజాతివానితో వియ్యమునకు వెనుదీయునట్లే, ఉన్నత కులజుడును దేశపు ఆదిమవాసులతో వియ్యమందడని కూడ విన్నవించిరి.

1923 ఫిబ్రవరి 19న న్యాయమూర్తి సదర్లాండు వ్రాసిన ఏకగ్రీవమగు తీర్పు వెలువడెను. శాస్త్రజ్ఞుల విభాగము ప్రమాణము కాదు; "తెల్లవాడు" అనునది సామాన్యుడు వాడు మాట; అతడే యర్థమున వాడునో అదియే శాసనార్థము; ఆ యర్థమున హిందువు తెల్లవాడు కాడు. ఇది తీర్పు సారాంశము. మూడు నెలల క్రిందట జపానీయుని శాస్త్రము చూపి త్రోసిన న్యాయస్థానమే, థిండును వాడుకమాట చూపి త్రోసివేసెను.

తత్ఫలితముగ నంతకుముందే పౌరులైన భారతీయులలో ననేకుల పౌరసత్వము రద్దు చేయబడెను. శాన్ ఫ్రాన్సిస్కో వర్తకుడు వైష్ణోదాస్ బగాయి, తన పౌరసత్వము పోగా, 1928లో ఆత్మహత్య చేసికొనెను. థిండు మాత్రము మాజీ సైనికులకై 1935లో వచ్చిన శాసనమువలన 1936లో పౌరుడయ్యెను. 1946లో భారతీయులకు హక్కు లభించెను. 1952లో పౌరసత్వమునకు జాతినిబంధనయే తొలగెను. 1960 నుండి తమ జాతిని తామే వ్రాసికొను పద్ధతి లెక్కలలో మొదలయ్యెను. 1980లో "ఆసియా ఇండియను" అను గడి యేర్పడెను. అచ్చట స్థిరపడిన తెలుగువారికిని చోటు ఆ గడిలోనే. 2000లో ఒకటికి మించిన జాతులను చెప్పుకొనుటకును వీలు కలిగెను.

ఇందు మనము గ్రహింపదగిన దేమన, థిండు పక్షమువారు "ఈ హద్దు అన్యాయము" అనలేదు. "హద్దునకు మేము పైవైపువారము" అనిరి. అంతటి వంశగౌరవమును సామాన్యుని యొక్క మాట ముందు నిలువలేదు. తనకంటె తక్కువవాని నొకనిని చూపి పైమెట్టు నడుగువాడు, ఆ మెట్టు నిచ్చువాని దయకు లోబడినవాడే యగును. కావున మన సంఘము తన గౌరవమును విద్యయందును, పరోపకారమునందును, ఇతర కులములతోడి సమభావమునందును వెదకుకొనుగాక! పోషకులగు మహనీయులు ఈ దెసనే తమ యాదరమును ప్రసరింపజేయుదురని నమ్ముచున్నాము.