ద్వారబంధం

ద్వారబంధం అనగా ఇంటి గోడలో వాకిలి చుట్టూ అమర్చి, తలుపు రెక్కలను మోసే కొయ్య చట్రం. దీనిని వాడుకలో దారబందం అనీ, తెలంగాణలో దర్వాజ అనీ అంటారు. కోస్తా జిల్లాలలో గుమ్మం అనే మాట ద్వారానికీ, ఈ చట్రానికీ కూడా చెల్లుతుంది. రెండు నిలువు కొయ్యలు, పైన ఒక అడ్డ కొయ్య, క్రింద గడప కలిసి ద్వారబంధం అవుతుంది. ఇటీవలి ఇళ్ళలో సింహద్వారానికి తప్ప లోపలి గదులకు గడప పెట్టడం తగ్గిపోయింది. తెలుగువారు మంచి ముహూర్తం చూసి, క్రింద నవధాన్యాలు వేసి, పసుపు కుంకుమలు పెట్టి ప్రధాన ద్వారబంధాన్ని నిలబెడతారు. ఆ వేడుకపై చూపే శ్రద్ధలో సగమైనా కొయ్య ఎంపికపై చూపితే తరువాతి ఖర్చు చాలావరకు తప్పుతుంది.

కలప ఎంపిక

ద్వారబంధానికి టేకు శ్రేష్ఠమని అందరికీ తెలిసినదే. అయితే చెదలను తట్టుకునే గుణం టేకు చెట్టు నడిమి భాగమైన చేవకు మాత్రమే ఉంటుంది. బెరడును ఆనుకొని ఉండే తెల్లని భాగానికి ఆ గుణం లేదు. టేకు పేరుతో కొన్న కొయ్యలో ఒక అంచు పాలిపోయినట్లు కనిపిస్తే చెదలు ముందుగా పట్టేది ఆ అంచునే. రంగు వేసిన తరువాత ఈ తేడా కంటికి కనబడదు. కనుక కొనేవారు రంగుకు ముందే, వీలైతే కోత మిల్లు వద్దనే చూసుకోవలెను.

టేకు కొనలేనివారికి వేగిస, నల్లమద్ది, వేప అందుబాటులో ఉన్నాయి. వేగిస మన్నికలో టేకుకు దగ్గరగా వస్తుంది. నల్లమద్ది బలమైనదే కాని సరిగా ఆరకపోతే పగులుతుంది. తుమ్మ గట్టిది, బండ్లకూ నాగళ్ళకూ పేరు పొందినది. అయితే పొడవైన తిన్నని కొయ్య దొరకడం కష్టం. మామిడి చెక్క చవక, పుచ్చు త్వరగా పడుతుంది. దానిని ద్వారబంధానికి వాడరాదు. కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి వంటి మెత్తని కొయ్య చెక్కడానికి ఎంత అనుకూలమో, బరువు మోయడానికి అంత పనికిరానిది. ఏ కొయ్యకు ఆ పని.

కొలతలు

కలపను ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. 7 అడుగుల ఎత్తు, 3½ అడుగుల వెడల్పు, 5 అంగుళాలు × 3 అంగుళాల మందం గల ద్వారబంధానికి మొత్తం పొడవు 7 + 7 + 3½ + 3½ = 21 అడుగులు. కొయ్య అడ్డుకోత వైశాల్యం 15 చదరపు అంగుళాలు, అనగా 15/144 చదరపు అడుగులు. దీనిని 21తో గుణిస్తే సుమారు 2.19 ఘనపుటడుగులు వస్తుంది. గడప తీసివేస్తే 1.82 చాలు. కోతలో, చిత్రిక పట్టడంలో పోయే తరుగు దీనికి అదనం.

గుండ్రని దుంగ కొనేటప్పుడు చుట్టుకొలతలో నాలుగవ వంతును వర్గం చేసి పొడవుతో గుణించే పద్ధతి వాడుకలో ఉంది. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు ఉన్న దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. నిజమైన ఘనపరిమాణం మాత్రం 12.7 పైచిలుకు. ఈ తేడా మోసం కాదు. కోతలో పోయే పైచెక్కలకు విడిచిన తరుగుగా దీనిని భావించవచ్చు.

నిలబెట్టడం

చట్రం చతురస్రంగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి మూలమట్టం ఒక్కటే చాలదు. రెండు మూలల మధ్య ఏటవాలు కొలతలు, అనగా కర్ణాలు, సమానంగా ఉండవలెను. పై ఉదాహరణలోని ద్వారబంధానికి బయటి కొలతల ప్రకారం ఒక్కొక్క కర్ణం సుమారు 7 అడుగుల 10 అంగుళాలు. కర్ణాలు సరిపోయిన తరువాత గుండు కట్టిన దారంతో నిలువు కొయ్యలను ముందు వైపు నుండీ, ప్రక్క వైపు నుండీ కూడా చూడవలెను. చాలామంది ముందు వైపు చూసి వదలివేస్తారు. అటువంటి తలుపు వదలిన చోట నిలవక తానంతట తెరుచుకోవడమో మూసుకోవడమో చేస్తుంది.

గోడలో కూర్చునే ముఖానికీ, నేలలోకి దిగే కొయ్య చివరలకూ ముందుగా తారు గాని ప్రైమరు గాని పట్టించవలెను. కొయ్య ప్రక్కల కంటే కోసిన చివరల నుండి నీటిని ఎన్నో రెట్లు వేగంగా పీల్చుకుంటుంది. రోజూ గడప కడిగే ఇళ్ళలో నిలువు కొయ్యల అడుగు భాగం ముందుగా కుళ్ళడానికి కారణం ఇదే. గడపను తడిబట్టతో తుడిచి పసుపు రాస్తే ఆచారానికి లోటు రాదు, కొయ్యా నిలుస్తుంది.

వానాకాలంలో తలుపు పట్టివేయడం

కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. ఈ మార్పు వెడల్పున జరుగుతుంది, పొడవున దాదాపు ఉండదు. ఒక అడుగు వెడల్పు టేకు పలక ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లు మారుతుంది. పలకల తలుపులో నడిమి పలకను చట్రపు గాడిలో వదులుగా ఉంచేది ఇందుకే. అది కదులుతున్నదని మేకు కొట్టినా, జిగురు పోసినా మరుసటి వేసవిలో పలక నడుమ చీలుతుంది.

శ్రావణంలో తలుపు పట్టివేసిన వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించడం సాధారణంగా జరిగే పొరపాటు. వేసవిలో ఆ తలుపు ప్రక్క వేలు దూరేంత సందు మిగులుతుంది. ముందుగా పై బందును పరిశీలించవలెను. తలుపు పైఅంచు గడియ వైపున పట్టుకొని, బందుల వైపు పైభాగంలో సందు పెరిగి ఉంటే దోషం బందుది, కొయ్యది కాదు. ఆ స్క్రూలు విప్పి, వదులైన రంధ్రంలో జిగురులో ముంచిన వెదురు పుల్లలను బిగువుగా దింపి, ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి మిగిలినవి కోసి, స్క్రూలను తిరిగి బిగించవలెను. రూపాయల్లో తేలే ఈ పనికి తలుపే మార్చమని చెప్పేవారూ ఉన్నారు.

బందు సరిగా ఉంటే, ద్వారబంధపు లోపలి అంచుకు సుద్ద రాసి తలుపు మూయాలి. సుద్ద అంటిన చోటే రాసుకుంటున్నదని అర్థం. ఆ చోట గరుకు కాగితంతో రుద్ది, వానలు వెళ్ళేవరకు ఆగడం మేలు. పొడి రోజులలో తలుపు పైఅంచుకూ అడుగు అంచుకూ రంగు వేయించవలెను. కంటికి కనబడవు కనుక రంగు పనివారు ఈ రెండింటినీ తరచు వదలివేస్తారు. తేమ ప్రవేశించే ప్రధాన మార్గాలు అవే.

అడుగు కుళ్ళిన కొయ్య

నిలువు కొయ్య అడుగున జానెడు మేర కుళ్ళితే ద్వారబంధం మొత్తం పెరకనవసరం లేదు. పెరికితే గోడ పూత, నేల పలకలు కూడా పగులుతాయి. కొయ్యను ఉలితో గుచ్చి గట్టి భాగం ఎక్కడ మొదలవుతుందో గుర్తించి, అక్కడి నుండి మరికొంత పైకి ఏటవాలుగా కోసి, అదే జాతి ఎండిన ముక్కను అదే వాలుతో అతికి, జిగురు పెట్టి స్క్రూలు బిగించవలెను. కోత వాలు బయటికి, క్రిందికి ఉంటే వాన నీరు అతుకులో నిలవదు.

చెదలు, పుచ్చు

ఈ రెండింటికీ చికిత్స వేరు కనుక గుర్తించడం ముఖ్యం. పుచ్చు పట్టిన కొయ్యకు సన్నని గుండ్రని రంధ్రాలుండి, క్రింద పిండి వంటి పొడి రాలుతుంది. ఆ పురుగు కొయ్యలోనే ఉంటుంది. మన ఇళ్ళలో సాధారణంగా కనిపించే చెదలు నేలలో ఉండి మట్టి గొట్టాల గుండా కొయ్యను చేరుతాయి. పొడి రాలదు. వ్రేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది.

మట్టి గొట్టాన్ని చీపురుతో దులిపి కిరోసిన్ పోస్తే తగిలిన పురుగులు మాత్రమే చస్తాయి. పుట్ట నేలలో అలాగే ఉంటుంది, కొద్దికాలంలో మరొక దారి ఏర్పడుతుంది. గోడ మొదట్లో నేలకు మందు చేర్చినప్పుడే ఫలితం ఉంటుంది. ఉన్న భవనాలకు దీనిని ఎలా చేయాలో భారత ప్రమాణం ఐ.ఎస్. 6313 మూడవ భాగం వివరిస్తుంది. ఒకప్పుడు విరివిగా వాడిన ఆల్డ్రిన్, బి.హెచ్.సి. భారతదేశంలో నిషేధింపబడినవి. పాత డబ్బాలు అటకపై మిగిలి ఉంటే వాడరాదు. అనుమతి గల మందునైనా బావికి, నీటి తొట్టికి దగ్గరగా పోయరాదు. పనివారు చేతి తొడుగులు లేకుండా మందు కలుపుతుంటే వారించవలసిన బాధ్యత ఇంటివారిదే.

రంగు, నూనె

పాత రంగులలో సీసం ఉండేది. గృహాలకు వాడే రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి తలుపులను పొడిగా గీకితే ఆ ధూళి పసిపిల్లలకు హానికరం. తడి చేసి గీకడం, ఆ పొట్టును ఊడ్చక తడిబట్టతో ఎత్తడం మంచిది. అవిసె నూనె పట్టించిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడవేయరాదు. ఆరే క్రమంలో పుట్టే వేడికి అవి తమంతట అంటుకొనవచ్చు. వాటిని విప్పి ఆరుబయట విడివిడిగా ఆరవేయవలెను, లేదా నీటిలో తడిపి పారవేయవలెను.