వేటబాట మీది కెమెరా: నేల హక్కు, దొంగతనం, కాపలా

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో జింకల వేటకు వెళ్లేవారు వేటకాలానికి కొన్ని నెలల ముందే అడవిలోని జంతువుల బాటల పక్కన చెట్లకు చిన్న కెమెరాలను కట్టి వదిలివస్తారు. ట్రైల్ కెమెరా అనే ఈ పరికరం తన ఎదుట వెచ్చని ఒళ్లుగల ప్రాణి ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసి, తేదీనీ సమయాన్నీ దానిపై నమోదు చేస్తుంది. యజమాని దగ్గర లేని వేళల్లో పనిచేయడమే దాని ప్రయోజనం కనుక, దొంగకు సులువుగా చిక్కడం కూడా దాని స్వభావంలోనే ఉంది. దాన్ని కాపాడుకోవడానికి జరిగిన ప్రయత్నాలను కేవలం తాళాల చరిత్రగా చూస్తే సగమే అర్థమవుతుంది; వేటజంతువు ప్రజలందరిదీ, అది తిరిగే నేల మాత్రం ఒకరిదీ అన్న అమెరికా చట్టపు ఏర్పాటు నుంచి పుట్టి, రెండు శతాబ్దాలకు పైగా తెగని తగాదా ఆ ప్రయత్నాల అడుగున ఉంది.

ఇంగ్లండులో వేట రాజుకూ, పెద్ద భూస్వాములకూ చెందిన హక్కుగా ఉండగా, అట్లాంటిక్ దాటి వచ్చి స్థిరపడినవారు ఆ కట్టడిని అంగీకరించలేదు. 1776 నాటి పెన్సిల్వేనియా రాజ్యాంగం 43వ విభాగం ప్రజలకు తమ నేలలోనే కాక, కంచె వేయని ఇతరుల నేలల్లో కూడా తగిన రుతువుల్లో వేటాడే స్వేచ్ఛనిచ్చింది. మరుసటి ఏడు వెర్మాంట్ కూడా అదే దారి పట్టింది. 1818లో సౌత్ కరోలినా న్యాయస్థానం మెక్‌కానికో, సింగిల్‌టన్‌ల వ్యాజ్యంలో, కంచెలేని అడవినేలలోకి వచ్చిన వేటగాణ్ణి భూయజమాని అడ్డగించజాలడని తీర్పు చెప్పింది. అంతర్యుద్ధం 1865లో ముగిశాక దక్షిణ రాష్ట్రాలలో ఈ గాలి తిరిగింది. బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివారు వేట మీద, చేపల మీద బతకగలిగితే పత్తి పొలాలకు కూలీలు దొరకరన్న భయం భూస్వాములకు పట్టుకుందనీ, పరుల నేలలో వేటను, మేతను కట్టడి చేసే చట్టాల వెనుక ఆ భయం పనిచేసిందనీ స్టీవెన్ హాన్ వంటి చరిత్రకారులు చూపారు. ‘ప్రవేశం నిషిద్ధం’ అన్న బోర్డు ఆ తర్వాతి కాలంలో అమెరికా పల్లెల్లో సర్వసాధారణమైంది. ఈ పుట్టుకను మరచి ట్రైల్ కెమెరా దొంగతనాన్ని కేవలం నేరంగా చదివితే, పొరుగువారి మధ్య పాత పగ ఎందుకు అంత తేలికగా రగులుతుందో బోధపడదు.

కెమెరాల కన్నా ముందు దొంగల పాలైనవి, చినిగిపోయినవి ఆ బోర్డులే. బోర్డు లేదు కనుక తెలియక వచ్చామని చెప్పి తప్పించుకునే వీలును మూసివేయడానికి అర్కాన్సా రాష్ట్రం 1989లో ఊదా రంగు చట్టం చేసింది: సరిహద్దు చెట్లపై ఊదా రంగు గీత ఉంటే అది నిషేధపు బోర్డుతో సమానం. టెక్సస్ 1997లో ఇదే పద్ధతిని తీసుకుని, గీత నిలువుగా, కనీసం 8 అంగుళాల పొడవు, 1 అంగుళం వెడల్పు ఉండాలనీ, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉండాలనీ, అడవినేలలో గీతకూ గీతకూ దూరం 100 అడుగులు మించరాదనీ కొలతలు విధించింది. రంగును పీకి ఎత్తుకుపోవడం ఎవరి వల్లా కాదు. ఆ చట్టంలోని తెలివంతా అదే.

కెమెరా కథ మొదలైంది మాత్రం దొంగల భయం లేని కాలంలో. పెన్సిల్వేనియాకు చెందిన న్యాయవాది, ఒక విడత జాతీయ ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉన్న మూడవ జార్జ్ షైరాస్, 1889 ప్రాంతంలో తుపాకీకి బదులు కెమెరా పట్టి, మిషిగన్ ఉత్తర భాగంలోని వైట్‌ఫిష్ సరస్సు పరిసరాల్లో రాత్రివేళ జింకలను ఫొటోలు తీయసాగాడు. బాటకు అడ్డంగా తీగ కట్టి, జంతువు దాన్ని తాకగానే మెరుపుపొడి భగ్గుమని వెలిగి ఫొటో పడే ఏర్పాటును ఆయన అభివృద్ధి చేశాడు. ఆయన తీసిన 74 చిత్రాలను నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906 జూలై సంచికలో ప్రచురించింది. 1920లలో ఫ్రాంక్ చాప్‌మన్ పనామాలోని బారో కొలరాడో దీవిలోనూ, భారత అటవీ సర్వీసు అధికారి ఎఫ్. డబ్ల్యూ. చాంపియన్ భారతదేశంలో నాటి యునైటెడ్ ప్రావిన్సెస్‌లోని పులుల అడవుల్లోనూ అదే తీగ పద్ధతితో చిత్రాలు తీశారు. ఆ కెమెరాలు బరువైనవి, ఖరీదైనవి, ఒక్కసారి మెరిశాక మళ్లీ సిద్ధం చేయవలసినవి కావడంతో మనిషి వాటికి దూరంగా ఎక్కువ కాలం ఉండేవాడు కాదు.

ఈ పరికరం తెలుగు నేలకు కూడా వచ్చింది, అయితే వేట కోసం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద భారతదేశంలో వేట నిషిద్ధం కావడంతో ఇక్కడ అది ప్రధానంగా ప్రభుత్వ అడవుల్లో పులుల లెక్కకు ఉపయోగపడింది. చారలు ఒక్కో పులికి ఒక్కో తీరుగా, కుడి ఎడమ పక్కల వేర్వేరుగా ఉంటాయి కనుక నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ అభయారణ్యాల్లో ఒక్కోచోట రెండేసి కెమెరాలను ఎదురెదురుగా అమరుస్తారు. ప్రైవేటు నేల, కౌలు వేట, పొరుగువాడి అనుమానం అన్నవి అమెరికా కథకే ప్రత్యేకం.

ఆ కథ 1980ల చివర కొత్త మలుపు తిరిగింది. అంతకు ముందు బాటకు అడ్డంగా దారం కట్టి, జింక దాన్ని లాగినప్పుడు గడియారం ఆగిపోయేలా చేసి, అది ఏ వేళకు వచ్చిందో తెలుసుకునేవారు. కంటికి కనిపించని పరారుణ కిరణాలతో ఉనికిని పసిగట్టే సాధనాన్ని కెమెరాకు జోడించిన ట్రైల్‌మాస్టర్, తర్వాత కామ్‌ట్రాకర్ వంటి పేర్లు వేటగాళ్లకు పరిచయమయ్యాయి. అదే కాలంలో, ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో కొన్ని లక్షలకు పడిపోయిన తెల్లతోక జింకల సంఖ్య కోట్లకు పెరిగింది. భూమిలో 90 శాతానికి మించి ప్రైవేటుగా ఉన్న టెక్సస్‌లోనూ, కలప కంపెనీల అడవులున్న జార్జియా, అలబామాలలోనూ ఎకరానికింత అని చెల్లించి వేటహక్కును కౌలుకు తీసుకునే పద్ధతి బలపడింది. పెద్ద కొమ్ముల మగజింక ఏ బాటన, ఏ వేళలో తిరుగుతుందన్న సమాచారానికి అప్పటికి ధర ఏర్పడింది. కనుక దొంగ ఆశించినది పరికరం విలువ ఒక్కటే కాదు: కెమెరాను ముట్టుకోకుండా అందులోని మెమరీ కార్డును మాత్రమే తీసుకుపోయినవారు ఆ జింక జాడ కోసమో, తమ ముఖం అందులో పడిందన్న భయంతోనో ఆ పని చేశారు.

ఇక్కడే ఈ పరికరపు అసలు లోపం బయటపడింది. దొంగ ముఖం ఫిల్ములోనో కార్డులోనో పడినా, ఆ సాక్ష్యం అతనితోనే వెళ్లిపోతుంది. తొలి రక్షణలు ఈ లోపాన్ని తాకనేలేదు. బట్టపట్టీ బదులు ఉక్కు తీగలతో పేనిన తాళపు తాడు వచ్చింది. తీగ కోసే కత్తెర పట్టుకొచ్చిన వాణ్ణి అది ఆపలేదు. తర్వాత కెమెరా చుట్టూ ఉక్కు పెట్టె బిగించి, పెద్ద మరలతో చెట్టుకు దిగగొట్టారు. మాను లోపల ఇనుము మిగిలితే కోతమిల్లు రంపాలు పాడవుతాయి కనుక కలప యజమానులు దానికి ఒప్పుకోరు. దాంతో మనిషి కంటి ఎత్తు దాటించి, పది అడుగుల పైన కట్టి, కిందికి వంచి పెట్టే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. నిచ్చెన మోసుకుని దొంగతనానికి వచ్చేవారు అరుదు కనుక, ఖర్చులేని ఈ ఉపాయం ఇనుప పెట్టె కన్నా మేలని చెప్పవచ్చు.

వెలుగు విషయంలోనూ మార్పు వచ్చింది. తెల్లని మెరుపు కెమెరా ఉన్న చోటును చీకట్లో చాటి చెప్పేది. దాని స్థానంలో వచ్చిన 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు పరారుణ దీపాలు, అటు చూసేవారికి ఇంకా మసక ఎర్రగా కనిపించేవి. 940 నానోమీటర్ల దీపాలు మనిషి కంటికి కనబడవు, అయితే వాటి వెలుగు అంత దూరం పారదు. దూరాన్ని వదులుకుని దాపరికాన్ని కొనుక్కోవడానికి భూయజమానులు సిద్ధపడ్డారంటే, వారు ఆ కెమెరాతో చూడదలచినది అప్పటికి జింకను మాత్రమే కాదన్నమాట. ఫొటోను తీసిన కొద్దిసేపటికే సెల్‌ఫోన్ వ్యవస్థ ద్వారా యజమానికి పంపే కెమెరాలు రావడంతో, సాక్ష్యం దొంగతో వెళ్లిపోయే లోపం చాలావరకు తీరింది. సంకేతసంఖ్య లేకుండా తెరుచుకోని కెమెరాలు, మొదటి కెమెరాపై దాపున నిఘా ఉంచే రెండో కెమెరా కూడా ఈ క్రమంలోనే వచ్చాయి.

చట్టం ఇచ్చిన అండ మాత్రం పరిమితం. టెక్సస్‌లో 2015 నుంచి 100 డాలర్ల లోపు దొంగతనానికి జరిమానాయే శిక్ష. 100 నుంచి 750 డాలర్ల వరకు ఆరు నెలల లోపు జైలు. ట్రైల్ కెమెరాలు చాలావరకు ఈ రెండు తరగతుల్లోకే వస్తాయి. అటువంటి చిన్న కేసు నిలవాలంటే క్రమసంఖ్య రాసి ఉంచుకోవడం, సరిహద్దును చట్టప్రకారం గుర్తించి ఉంచడం ఉక్కు పెట్టె కన్నా ఎక్కువ అక్కరకొస్తాయి, ఎందుకంటే వస్తువు ఎవరిదో, వచ్చినవాడు హద్దు దాటాడో లేదో అవే తేలుస్తాయి. మర్యాదకు కూడా బలముంది: జర్మనీలో మ్యూనిక్ నగర ఉద్యానాల్లో వదిలిన పరికరాలకు మూడు రకాల చీటీలు అంటించి చూసిన 2014 నాటి పరిశోధనలో, బెదిరించే చీటీ కన్నా, స్నేహంగా విన్నవించుకున్న చీటీ ఉన్నవాటి జోలికి తక్కువమంది వెళ్లారు.

నేల హక్కు తగాదా చివరకు ఎదురు దిశలోనూ తిరిగింది. ఇంటి పరిసరాలకు అవతల ఉన్న తెరిపి నేలకు అమెరికా రాజ్యాంగపు నాలుగవ సవరణ సోదాల నుంచి కల్పించే రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 1924లో హెస్టర్ కేసులోనూ, 1984లో ఆలివర్ కేసులోనూ చెప్పింది. దాని అండతో ప్రభుత్వ సిబ్బంది ప్రైవేటు నేలల్లో తమ కెమెరాలను కట్టసాగారు. 2017లో దక్షిణ టెక్సస్‌లో ఒక పశుక్షేత్రపు యజమాని తన నేలలో కనబడిన అటువంటి కెమెరాను తీసివేయగా, అధికారులు దాన్ని తిరిగి ఇమ్మన్నారు, ఆయన కోర్టుకెక్కాడు. సొంత నేలలో తాను కట్టని కెమెరాను పీకినవాడు దొంగ అవుతాడా అన్నది తేలికగా తేలే ప్రశ్న కాదు. టెనెస్సీలో వన్యప్రాణి అధికారులు అనుమతి అడగకుండా ప్రవేశించి కెమెరాలు పెట్టిన కేసులో, యజమానులు వాడుకలో ఉంచుకున్న నేలలోకి వారంటు లేకుండా అలా చొరబడడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని అక్కడి అప్పీలు న్యాయస్థానం 2024 మే నెలలో తీర్పు చెప్పింది.