డబుల్ పెడల్, నాలుగు వాటాలు

పోయిన ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, బ్యాండ్ పెడుతున్నాం. డబుల్ పెడల్ కొనాలి, కొంచెం సర్దుతావా?" ఏం బ్యాండ్ రా అంటే హెవీ మెటల్, హార్డ్‌కోర్ రెండూ కలిపి అన్నాడు. పది నిమిషాలు కాకముందే మా అక్క. "క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ ముందు ఈ గోలేంట్రా? నువ్వైనా నాలుగు చెప్పు వాడికి." ఇద్దరికీ సరే అన్నాను. క్లయింటుకీ సరే, మేనేజరుకీ సరే అని చెప్పడం మనకి అలవాటే కదా!

వాడికి తెలీని సంగతేంటంటే, వాడు పుట్టకముందే నేను మారేడ్‌పల్లిలో ఇలాంటిదొకటి వెలగబెట్టాను. దాని గురించి తర్వాత చెప్తా.

సికింద్రాబాదుకీ ఈ సంగీతానికీ సంబంధం ఏంటని అడుగుతారు చాలామంది. ఊరి పుట్టుకలోనే ఉంది. 1806లో సికందర్ జా పేరు మీద వెలిసిన కంటోన్మెంట్ ఇది. పల్టన్లతో పాటు వాళ్ళ బ్యాండు మేళాలు, చర్చిలు వచ్చాయి. 1874లో వాడి నుంచి రైలొచ్చింది, 1893లో లాలాగూడ వర్క్‌షాప్ వచ్చింది, దాని చుట్టూ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. మా ఇళ్ళల్లో గిటారంటే సినిమాలో హీరో పట్టుకునేది. లాలాగూడలో మా క్లాస్‌మేట్ ఇంట్లో మాత్రం అది గొడుగులాగా గోడకి వేలాడే మామూలు వస్తువు! తేడా అదే. 90లలో కేబుల్ టీవీలో ఎమ్‌టీవీ, చేతులు మారే క్యాసెట్లు, అలహాబాదు నుంచి 1993లో మొదలైన రాక్ స్ట్రీట్ జర్నల్ పత్రిక తోడయ్యేసరికి మాలాంటి వాళ్ళకీ అంటుకుంది.

సరే, అసలు బ్యాండ్ ఎలా పుడుతుంది? నలుగురు ఫ్రెండ్స్ కూర్చుని మంచి పేరు ఆలోచిస్తే పుడుతుందని మా మేనల్లుడి నమ్మకం (పేరు మీదే మూడు వారాలు పట్టిందట). చరిత్ర చూస్తే అలా లేదు. చాలాసార్లు రెండు పాత బ్యాండ్లు చచ్చిపోతేనే కొత్తది పుడుతోంది. మన భాషలో చెప్పాలంటే ఆగిపోయిన రెండు ప్రాజెక్టుల కోడ్ మెర్జ్ చెయ్యడం.

1968, బర్మింగ్‌హామ్. మిథాలజీ అనే బ్యాండ్ నుంచి టోనీ అయోమీ, బిల్ వార్డ్, రేర్ బ్రీడ్ అనే ఇంకోదాన్నుంచి ఆజీ ఆస్‌బోర్న్, గీజర్ బట్లర్. ఆజీని వెతుక్కుంటూ వెళ్ళింది గొంతు చూసి కాదు. మ్యూజిక్ షాపులో పెట్టిన ప్రకటనలో తనకి సొంత పీఏ సిస్టమ్ ఉందని రాశాడు, అదీ ఆకర్షణ! మొదట ఆరుగురు ఉండేవారు. ఇద్దరిని పొమ్మనడానికి మొహమాటపడి, బ్యాండే రద్దయిందని చెప్పి, తర్వాత నలుగురే చప్పుడు లేకుండా మళ్ళీ మొదలెట్టారు. రీ ఆర్గనైజేషన్ అంటే మనవాళ్ళే కనిపెట్టారనుకున్నాను ఇన్నాళ్ళూ. అయోమీ అయితే 17 ఏళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకుని, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని వాయించాడు. నొప్పి తగ్గడానికి పల్చటి తీగలు వాడాడు, తర్వాత వాటిని ఇంకా వదులు చేశాడు. ఆ బరువైన శబ్దానికి అదీ ఒక కారణం. 1970లో బ్లాక్ సాబత్ పేరుతో మొదటి ఆల్బమ్ వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ గాడ్‌లెస్ చూడండి. స్క్రిప్ట్, షాక్ థెరపీ అనే రెండు హైదరాబాద్ బ్యాండ్లలోని వాళ్ళు కలిసి 2015లో పెట్టారు. 2016లో ఒకటి, 2018లో ఒకటి ఈపీలు, 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ ఆల్బమ్. డెత్ మెటల్ నచ్చకపోయినా ఆ డ్రమ్స్ కోసం ఒకసారి వినండి, మా వాడు డబుల్ పెడల్ ఎందుకు అడిగాడో తెలుస్తుంది.

ఇక మా ఘనకార్యం. 1997. నాది గివ్‌సన్ గిటార్, నలుగురం పోగేసి కొన్నది ఒక స్ట్రేంజర్ ఆంప్, డ్రమ్స్ అద్దెకి. గిటార్ వాయించేవాళ్ళు వీధికి ముగ్గురు దొరికేవాళ్ళు. డ్రమ్మరు, గది, ఈ రెండే దొరికి చావవు. మా డ్రమ్మర్ ఆర్మీ ఆఫీసర్ కొడుకు, గది వాళ్ళ గ్యారేజీ. ఏడాది పైన నడిచింది. సొంత పాటలు ఐదు కట్టాం. ఇంతలో వాళ్ళ నాన్నకి జబల్‌పూర్ బదిలీ, ఒక్క దెబ్బకి డ్రమ్మరూ గదీ రెండూ పోయాయి. నాకు వైటూకే పుణ్యమా అని మద్రాసులో ఉద్యోగం. ఆంప్ అమ్మేసి నాలుగు వాటాలు వేసుకున్నాం. నా వాటా ఒక్క పూట బిర్యానీకి సరిపోయింది.

హార్డ్‌కోర్ చరిత్రలో ఒక సంగతి చదివినప్పుడల్లా ఆ బిర్యానీ గుర్తొస్తుంది. 1980లో వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అని కుర్రాళ్ళ బ్యాండ్ విడిపోయింది. అప్పటికి ప్రదర్శనల మీద దాదాపు 600 డాలర్లు దాచారు. పంచుకోలేదు. చచ్చిపోయిన బ్యాండ్ పాటలతోనే రికార్డు వేశారు. అట్టలు వాళ్ళే కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అంటించారు. డిస్కార్డ్ అనే లేబుల్ అలా మొదలైంది. వాళ్ళలో ఇద్దరు పెట్టిన తర్వాతి బ్యాండే మైనర్ థ్రెట్.

మా ఐదు పాటలు ఎక్కడా లేవు. ఇంట్లో టేప్ రికార్డర్ ఉంది, ఖాళీ క్యాసెట్లూ ఉన్నాయి. "బాగా వచ్చాక రికార్డ్ చేద్దాం" అనేవాణ్ణి. అవును, అన్నది నేనే. రెండో పాట మధ్యలో వచ్చే ముక్క కోసం ఇప్పటికీ అప్పుడప్పుడు గిటార్ తీస్తాను. సగం దాకే వస్తుంది.

మేనల్లుడికి డబ్బులు పంపాను. మొదటి ప్రాక్టీసు నుంచీ, ఎంత చెత్తగా ఉన్నా, ప్రతిదీ ఫోన్‌లో రికార్డ్ చేసి నాకు పంపాలని షరతు పెట్టాను. నిన్న రాత్రి మొదటి ఫైలు వచ్చింది. భయంకరంగా ఉంది, మూడుసార్లు విన్నాను. అక్కకి మాత్రం ఇంకా ఫోన్ చెయ్యలేదు.