ర్యాకులు రాకముందు

హైదరాబాద్ శివారు. డేటా సెంటర్ హాలు ఇంకా ఖాళీయే. ర్యాకులు రావడానికి నెల పడుతుంది. నేల మీద సుద్దతో గీసిన గళ్లే రేపటి వరసలు. జాగ్రత్త, ఆ గీత తొక్కకండి, చెరిగిపోతుంది.

నిచ్చెన మీంచి ఫిట్టరు లేజర్ మీటర్ ఎక్కుపెట్టి అరుస్తున్నాడు: "అన్నా, ఈడ స్ప్రింక్లర్ పైపు అడ్డమొస్తున్నది!" డ్రాయింగ్‌లో ఆ పైపు గోడ పక్కనుంది. ఇక్కడేమో సరిగ్గా మన కేబుల్ ట్రే వెళ్లే దారిలో ఉంది. పక్కకి తిప్పాలి. తిప్పితే పొడవు పెరుగుతుంది.

టేపు ఈ కొస మీరు పట్టుకోండి. మూల ర్యాకు గడి దగ్గర మొదలుపెడదాం. ప్యానెల్ నుంచి పైకి ట్రే దాకా, పైపు చుట్టూ, హాలు వెంట, మళ్లీ కిందికి. డ్రాయింగ్ మీద స్కేలు పెడితే 73 మీటర్లే వచ్చింది. నడిచి కొలిస్తే 86. కాగితం మీద గీతకి ఎక్కడం, దిగడం ఉండవు కదా. ప్యానెల్ నుంచి ప్యానెల్‌కి రాగి కేబుల్ 90 మీటర్లు దాటకూడదు, మిగతా 10 ప్యాచ్ కార్డులవి. ఈ వరస గట్టెక్కింది. దాని వెనక వరస ఇంకా దూరం, దానికి ఫైబరే.

ఇప్పుడిలా కూర్చోండి. ఇది 300 మిల్లీమీటర్ల వెడల్పు, 100 లోతు ఉన్న ట్రే ముక్క. ఇవి క్యాట్ 6ఏ రాగి కేబుల్ తునకలు, ఒక్కోటి పెన్సిలంత లావు. వైశాల్యం లెక్కన ఇందులో 680 దాకా పట్టాలి. పేర్చి చూడండి. సగం లెక్కకే, అంటే 340 దగ్గరే, అంచుదాకా వచ్చేస్తాయి. గుండ్రటి వాటి మధ్య సందులు మిగులుతాయి, పైగా కేబుళ్లు ఒకదాని మీదొకటి అడ్డదిడ్డంగా పడుకుంటాయి. అందుకే మొదట్లో 40 శాతానికి మించి నింపం. సుమారు 270.

"ఇంత జాగ ఉత్తగ ఎందుకన్నా?" అంటున్నాడు ఫిట్టరు. బిల్లు కట్టేవాళ్లూ అదే అడుగుతారు. ఈ ఖాళీ కోసం నేను ప్రతిసారీ పోట్లాడతాను. ఒకచోట పోట్లాడలేదు. మూడేళ్లకే ట్రేలు పొంగాయి, కొత్త కేబుళ్లు నేల పలకల కింద దూర్చారు. చల్లగాలి రావలసిన దారి అది. పలక ఎత్తి చెయ్యి పెడితే గాలి తగల్లేదు, కేబుళ్ల గుట్ట తగిలింది. అందులో చాలావరకు ఎప్పుడో తీసేసిన సర్వర్లవి. ఏది లాగితే ఏది ఆగుతుందోనని ఎవరూ ముట్టుకోలేదు. ప్లాస్టిక్ టై బిగించిన చోటల్లా తొడుగు నొక్కుకుపోయి ఉంది. అప్పట్నుంచీ వెల్‌క్రో తప్ప కట్టనివ్వను.

ఫిట్టరు నిచ్చెన దిగాడు. పాత గీత చేత్తో తుడిచి పక్కన కొత్తది గీస్తున్నాడు. టేపు వదలకండి, రెండో దారి కొలవాలి. అది అవతలి గోడ వెంట పోతుంది. ఇటు మంట అంటుకున్నా, ఎవరి డ్రిల్లు తగిలినా, అటు లింకు నిలవాలి.