పుత్లీబౌలి వైపు గోడ

రెసిడెన్సీ భవనాన్ని బాగుచేసి జనాన్ని లోపలికి రానిస్తున్నప్పటి నుంచి హైదరాబాదులోని మా కోఠికి కొత్త ముఖాలు వస్తున్నాయి. సంతోషమే. అయితే ఆ భవనమున్న మహిళా విశ్వవిద్యాలయం (పాత ఉమెన్స్ కాలేజీ) గేటు దాటిన ప్రతివారికీ వినిపించేది ఒకటే కథ: అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ దొర ఖైరున్నీసా బేగం మీద ప్రేమతో కట్టించిన మహలట! వాళ్ల పెళ్లి నిజమే. కానీ 1803లో లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్ నక్షాతో పని మొదలైతే, 1805 అక్టోబరులోనే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. పూర్తయిన మేడను ఆయన చూడనేలేదు. డబ్బు నిజాం ఖజానాది. ఆరు కొరింథియన్ స్తంభాల నెత్తిన చెక్కిన చిహ్నమేమో ఈస్టిండియా కంపెనీది!

నా తగువు అంతకన్నా పెద్దది. 1857 జులై 17 సాయంత్రం ఈ రెసిడెన్సీ మీద జరిగిన దాడిని ఆనాటి ఇంగ్లీషువాళ్లు రోహిల్లాల అల్లరిగా రాసిపెట్టారు. మనవాళ్లూ చాలామంది అదే దించేశారు. అల్లరిమూక ఇలా చేస్తుందా? ఢిల్లీలోని తిరుగుబాటుదారుల మీదికి వెళ్లనని ఎదిరించి వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను నిజాం దివాను సాలార్‌జంగ్ పట్టి తెల్లవాళ్లకు అప్పగించాడు. అతణ్ణి విడిపించాలని మక్కామసీదు నుంచి బయల్దేరిన జనానికి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచారు. పుత్లీబౌలి వైపు, రెసిడెన్సీ పడమటి గోడకు ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, సాహుకారు జైగోపాల్ దాస్‌ల మేడలు పట్టుకున్నారు. తోట గోడకున్న తలుపు విరగ్గొట్టారు. ఆ మేడల మీంచి తెల్లవారుజాము దాకా తుపాకులు పేల్చారు. కాల్పులకు ఏ మేడ అక్కరకొస్తుందో చూసుకుని ఎక్కినవాళ్లు తోవ తెలియని గుంపు కాదు. సాలార్‌జంగ్ ముందే కబురందించబట్టి రెసిడెంట్ డేవిడ్సన్ ఫిరంగులతో సిద్ధంగా ఉన్నాడు, లేకపోతే ఆ రాత్రి సంగతి వేరు.

బురుజులు, గట్టి గోడలు ఆ దెబ్బ తర్వాత పెంచుకున్నవే. దొరల మేడకు కోట వాలకం తెచ్చింది మా పేటే అని నేను గర్వంగానే చెబుతాను.

తుర్రేబాజ్ ఖాన్‌కు ద్వీపాంతరవాసం వేశారు. 1859 జనవరిలో తప్పించుకుంటే తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని నగరానికి తెచ్చి నలుగురూ చూసేలా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. కోఠి బస్టాండు దగ్గర వీళ్ల పేర స్మారకం ఉంది. టికెట్టు కొని దర్బారు హాలు మెట్లెక్కేవాళ్లకు దాని ఊసే ఎవరూ ఎత్తరు. షాండ్లియర్ల గురించి చెప్పేవాళ్లు సందర్శకుల్ని పడమటి గోడ దాకా నడిపించి, ఈ ఇద్దరి పేర్లూ చెప్పాలి. అక్కడ తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక పలక పెట్టాలి.