పోచంపల్లి చీర: అసలేది, అచ్చేది?

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి త్రోబ్యాక్ జెర్సీల సంగతి తెలిసే ఉంటుంది. పాతకాలం బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ జెర్సీలని మళ్ళీ అచ్చం అలాగే కుట్టి అమ్ముతారు. ఫిలడెల్ఫియాలో 1904లో మొదలైన మిచెల్ అండ్ నెస్ కంపెనీ వీటికి పెట్టింది పేరు. గిరాకీ ఉన్నచోట నకిలీ తయారవుతుంది కదా! అందుకే కొనేవాళ్ళు అంకెల కుట్టు, మెడ దగ్గర ట్యాగు, హోలోగ్రాము అన్నీ చూసి మరీ కొంటారు. సరే, అది అక్కడి గోల. మనకీ అలాంటిదే ఒకటుంది, అదీ మన ఇంట్లో బీరువాలోనే: పోచంపల్లి చీర.

మా చిట్కుల్ హైదరాబాద్‌కి పడమర, పటాన్‌చెరు పక్కన. భూదాన్ పోచంపల్లి తూర్పున. మధ్యలో మొత్తం నగరం. దసరాకి చీర కావాలంటే ఔటర్ ఎక్కి ఆ చివరికి పోయేకన్నా ఫోన్‌లో వెతకడమే తేలిక. వెతికితే వెయ్యి రూపాయల లోపే "పోచంపల్లి ఇక్కత్ సిల్క్ శారీ" అని వరసగా వస్తాయి. నేతింటి మనుషులంతా రోజుల తరబడి కూర్చుంటే గానీ పూర్తికాని చీర అంత చవగ్గా ఎలా వస్తుంది? రాదు. అది అచ్చు వేసిన బట్ట అన్నమాట.

ఇక్కత్ అన్నమాట మనది కాదు, మలయ్, ఇండోనేషియా వైపు నుంచి వచ్చింది. అర్థం కట్టడం. మన నేతవాళ్ళు చిటికి అంటారు. నేసే ముందే దారాన్ని లెక్క ప్రకారం అక్కడక్కడా గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. ఇంకో రంగు కావాలంటే మళ్ళీ కట్టాలి, మళ్ళీ ముంచాలి. అంటే బొమ్మ బట్ట మీద కాదు, దారంలోనే ఉంటుంది. మగ్గం మీద పడుగూ పేకా కలిసినప్పుడు ఆ బొమ్మ బయటికొస్తుంది.

ఈ విద్యకి మన దగ్గర పాత చిరునామా చీరాల. అక్కడి తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకీ ఆఫ్రికాకీ ఎగుమతయ్యేవి. నూలుని నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ నానబెట్టి తయారు చేస్తారు. అందుకే కొత్త బట్టకి నూనె వాసన ఉంటుంది. ఆ వాసనే అసలుకి గుర్తు. చీరాల చుట్టుపక్కల నేసిన ఇంకో గళ్ళ బట్ట పశ్చిమ ఆఫ్రికాకి వెళ్ళేది, దాని పేరు "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్". ఆ "రియల్" ఎందుకొచ్చిందనుకున్నారు? యూరప్ మిల్లులు అదే డిజైన్ని కాపీ కొట్టి అక్కడే అమ్మడం మొదలెట్టాయి కాబట్టి. అసలు బట్టే తాను అసలునని పేరులో చెప్పుకోవాల్సి వచ్చింది!

అంతకుముందు మన కోరమాండల్ తీరం, మచిలీపట్నం రంగుల బట్టలకీ ఇదే గతి పట్టింది. అక్కడి నేతగాళ్ళని కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1700, 1721ల్లోనూ ఇలాంటి బట్టల మీద నిషేధాలు పెట్టాయి. ఆ తర్వాత అవే దేశాలు అవే పువ్వుల్ని యంత్రాల మీద అచ్చేసి ప్రపంచమంతా అమ్మాయి. కాపీ కొట్టడం ఇవాళ ఆన్‌లైన్‌తో పుట్టింది కాదన్నమాట.

చీరాల విద్య 20వ శతాబ్దంలో నల్గొండ పల్లెలకి చేరింది. పోచంపల్లి, పుట్టపాక లాంటి ఊళ్ళు దాన్ని రుమాలు నుంచి చీర దాకా తీసుకెళ్ళాయి. అందులో శ్రమ ఎంతో తెలియాలంటే ఆసు గురించి వినాలి. కట్టడానికి ముందు పేక దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ పోయాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్ళ పని. అమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారు. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంజనీరింగ్ డిగ్రీ లేకుండా చేసిన ఇంజనీరింగ్ అది.

ప్రింట్ మిల్లు చేసేదల్లా ఈ కట్టడం, ముంచడం, ఆసు పోయడం అన్నీ ఎగరగొట్టి చివరి బొమ్మని మాత్రం ఫొటో తీసి అచ్చెయ్యడం. అందుకే చట్టం అవసరమైంది. 1999 భౌగోళిక గుర్తింపు చట్టం 2003లో అమల్లోకి వచ్చింది. 2004-05 తొలి జాబితాలోనే డార్జిలింగ్ టీతో పాటు పోచంపల్లి ఇక్కత్‌కీ గుర్తింపు దక్కింది. తప్పుడు గుర్తింపు వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా అని చట్టంలో ఉంది. పుట్టపాక తేలియా రుమాలుకి 2020లో విడిగా గుర్తింపు వచ్చింది.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ అది పట్టే అని మాత్రమే చెప్తుంది. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చేత్తో నేసిందని చెప్తుంది. ఏ ఊరిదో చెప్పేది జీఐ ఒక్కటే. మూడూ మూడు వేరు ప్రశ్నలకి జవాబులు. అసలు పట్టు మీద పోచంపల్లి డిజైన్ అచ్చేస్తే దానికి సిల్క్ మార్క్ నిజాయితీగానే రావచ్చు!

మన భాషలో చెప్పాలంటే లేబుల్ ఫైలు పేరు లాంటిది, ఎవరైనా మార్చుకోవచ్చు. దారం చెక్‌సమ్ లాంటిది. కాబట్టి దారాన్నే అడగండి:

1. వెనకవైపు ఫొటో అడగండి. ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. మామూలు ప్రింటు వెనక వెలిసినట్టు ఉంటుంది.

2. బొమ్మ అంచుని పెద్దది చేసి చూడండి. ఇక్కత్‌లో అంచు ఈకలా చెదిరి ఉంటుంది. గీత గీసినట్టు పదునుగా ఉంటే అనుమానించండి. అయితే ఆ చెదురుని కూడా ఫొటోతో పాటు అచ్చెయ్యొచ్చు, కాబట్టి ఇదొక్కటే చాలదు.

3. ఒకే బొమ్మని నాలుగుచోట్ల పోల్చండి. చేత్తో కట్టినది ప్రతిసారీ పిసరంత తేడాగా వస్తుంది. చెదురు కూడా నాలుగుచోట్లా ఒకేలా ఉంటే అది ప్రింటే.

4. పేజీలో కింద చిన్న అక్షరాలు చదవండి. పైన "పోచంపల్లి" అని ఉండి, కింద "డిజిటల్ ప్రింట్", "పాలీ సిల్క్" అని ఉండటం మామూలే.

5. చీర చేతికొచ్చాక కొంగు చివర ఒక దారం లాగండి. రంగు దారం చుట్టూ లోపలిదాకా ఉండి, పొడవునా మారుతూ పోతే అది కట్టి అద్దిన దారం. ఒకవైపే రంగుంటే ప్రింటు. ఆ దారాన్నే కాల్చండి: పట్టు వెంట్రుక కాలిన వాసనొచ్చి పొడి అవుతుంది, పాలిస్టర్ కరిగి ముద్దవుతుంది.

దారాన్ని కట్టి రంగేసి, మరమగ్గం మీద నేసినవి ఈ పరీక్షలన్నీ నెగ్గుతాయి. అక్కడ మాత్రం హ్యాండ్లూమ్ మార్క్, జీఐ గుర్తు, సహకార సంఘం బిల్లు అడగక తప్పదు.

ప్రింటు చీర కొనడం తప్పని నేననను. ప్రింటు అని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు, అందరి జేబూ ఒకటి కాదు. కానీ పోచంపల్లి పేరు మీద అమ్మినప్పుడు అసలు చీర ధరే అన్యాయంగా కనబడుతుంది. "ఆన్‌లైన్‌లో వెయ్యికే వస్తోంది కదా" అన్న మాటకి మగ్గం ముందు కూర్చున్న మనిషి దగ్గర జవాబు ఉండదు. జెర్సీ నకిలీదైతే నష్టపోయే కంపెనీకి లాయర్లుంటారు. ఇక్కడ నష్టపోయేది ఇంట్లో మగ్గం పెట్టుకున్న కుటుంబం. కొనే ముందు వెనకవైపు ఫొటో అడగడానికి మనకి పట్టేది ఒక్క నిమిషం.